జినోవియా సైకిల్ ఎక్కని రోజు

వెర్బోవా ఊళ్ళో జినోవియా సైకిల్ గంట ఎరగని కోడిపిల్ల కూడా లేదు. పాత ఇనప సైకిలు. ముందు బుట్ట, వెనక తాడు చుట్టిన పెట్టె, ఎప్పుడూ కిర్రుమనే పెడలు. యుద్ధానికి ముందు ఆ సైకిల్ మీదే ఒంటరి ముసలివాళ్ళకి రొట్టె, మందులు మోసుకెళ్ళేది. యుద్ధం వచ్చాక పంచాయతీవాళ్ళు పిలిచి, "జినోవియా, సైన్యానికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళు ఇకనుంచి నీవి," అన్నారు. ఇళ్ళు నీవి అంటే ఏమిటని ఆవిడ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అడిగినా ఎవరికి తెలుసు గనక?

తెలుసుకుంటూ పోయింది. ఒక ఇంట్లో మొగుడు సరిహద్దులో ఉంటే పెళ్ళానికి చలికాలం కట్టెలు కావాలి. ఇంకో ఇంట్లో నీళ్ళ పంపు పాడైంది, బాగుచేసే చెయ్యి కందకంలో ఉంది. ఒకచోట పిల్లవాడికి పన్ను నొప్పి, ఒకచోట అత్తా కోడళ్ళ మధ్య మాటల్లేవు, ఒకచోట తల్లికి నిద్ర లేదు. పంపుకి మనిషిని వెతికేది, పిల్లవాణ్ణి పట్నం తీసుకెళ్ళేది, నిద్ర లేని తల్లి పక్కన కూచుని వెల్లుల్లి వలిచేది. అదే ఉద్యోగం.

కానీ మొదట్లో ఒక పొరపాటు జరిగింది. పంచాయతీ వాళ్ళ నల్ల కారులో ఫ్రోసినా ఇంటికి వెళ్ళింది, కట్టెలు ఎన్ని కావాలో అడగడానికి. ఆ రోజుల్లో నల్ల కారు ఇంటి ముందు ఆగిందంటే ఒకటే అర్థం. ఫ్రోసినా కిటికీలోంచి చూసింది. చేతులకి పిండి అలాగే ఉంది. పరుగున పోయి బంగాళాదుంపల నేలమాళిగలోకి దిగి, లోపలినుంచి గడియ పెట్టుకుంది.

"నేను తలుపు తియ్యను! తియ్యకపోతే మీరు చెప్పలేరు, మీరు చెప్పకపోతే నా కొడుకు చావడు!" అని లోపలినుంచి అరుపు.

జినోవియా ఆ తలుపు మీద బోర్లా పడుకుని, చెక్కల సందులో నోరు పెట్టి, "కట్టెలే ఫ్రోసినా! ఒట్టు కట్టెలే తల్లీ! కట్టెలు!" అని గొంతు పోయేదాకా అరిచింది. బయటికొచ్చాక ఫ్రోసినా పిండి చేత్తోనే ఒక్కటిచ్చుకుంది. జినోవియా ఆ దెబ్బ తుడుచుకోలేదు. చెంప మీద పిండి అచ్చుతోనే పంచాయతీకి వెళ్ళి కారు తాళం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆనాటినుంచి సైకిలే. ఎర్రపువ్వుల తలగుడ్డ కట్టుకునేది. వీధి మొదట్లోనే గంట కొట్టి, ఎవరింటికి పోతోందో, దేనికి పోతోందో ఊరంతా వినేలా అరుచుకుంటూ వెళ్ళేది. "పంపు గురించి వస్తున్నా!" "పిల్లాడి పన్ను గురించి!" ఆ అరుపు వినగానే ఊళ్ళో ఆడవాళ్ళంతా బిగపట్టిన ఊపిరి వదిలేవాళ్ళు. జినోవియా సైకిల్ మీద ఉందంటే ఎవరూ చావలేదన్నమాట. ఇది ఎవరూ పైకి అనలేదు. పసిపిల్లలకి కూడా తెలుసు.

ఇప్పుడు తదేయ్ సంగతి చెప్పాలి. యవ్దోఖా కొడుకు. ట్రాక్టరు నడిపేవాడు. మనిషి ఎంత పొడుగంటే ఊళ్ళో ప్రతి ద్వారబంధానికీ వాడి నుదురు పరిచయమే. సైన్యంలో చేరాక మందుపాతర వాడి రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా తీసుకుపోయింది. వసంతమంతా, వేసవంతా నగరంలో ఆసుపత్రి. గాయాలు మానాయి. డాక్టర్లు ఇంటికి పొమ్మన్నారు. వాడు పోనన్నాడు.

భార్య ఉస్తీనా వారం వారం వెళ్ళేది. ఏడ్చింది, బతిమాలింది, తిట్టింది. చెర్రీపళ్ళు కూరిన వరెనికీ కుడుములు తీసుకెళ్ళింది. తిన్నాడు. రానన్నాడు. దూరాన ఏదో నగరంలో కాళ్ళు లేనివాళ్ళ వసతిగృహం ఉందట, అక్కడ గడియారాల రిపేరు నేర్చుకుంటాడట. "నీ దారి నువ్వు చూసుకో ఉస్తీనా," అన్నాడు. ఆ పిల్ల బస్సులో కూచుని ఊరొచ్చేదాకా ఏడ్చి, నేరుగా జినోవియా ఇంటికి వచ్చింది.

"పిన్నీ, నువ్వు మాట్లాడు. నా మాట వినడు. వాళ్ళమ్మ మాట వినడు."

జినోవియా వెళ్ళింది. మంచం పక్కన కూచుంది. ఒక బేరిపండు తొక్క తీసి ముక్కలు కోసి పెట్టింది. సగం పండు తిన్నాక తదేయ్ అన్నాడు:

"పిన్నీ, పుట్టినప్పట్నుంచీ అందరి నడినెత్తులు చూస్తూ బతికాను. ఎవరికి బట్టతల వస్తోందో అందరికంటే ముందు నాకే తెలిసేది. ఇప్పుడు పోయి అందరి ముక్కురంధ్రాలు చూడనా? ప్రతివాడూ వంగి, తల నిమిరి, 'అయ్యో తదేయ్' అంటాడు. మందుపాతర ఒక్కసారే పేలింది పిన్నీ. 'అయ్యో' అనేది రోజూ పేలుతుంది."

జినోవియా మిగిలిన ముక్కలు వాడి ముందుకి జరిపి, బేరం ఆడింది. "ఒక్క పూట రా. మీ అమ్మ రొట్టె తిను. బండి గుమ్మం ముందే ఉంటుంది. ఒక్క మనిషి 'అయ్యో' అన్నా అదే బండిలో వెనక్కి. మళ్ళీ ఈ మాట ఎత్తను."

"ఎవరికీ తెలియకూడదు."

"తెలియదు."

"వీధిలో ఎవరూ నిలబడి చూడకూడదు."

"నువ్వొచ్చేసరికి వీధిలో కోడి కూడా నిలబడదు. ఒట్టు."

నోరు జారిన ఒట్టు ఊబిలో పడ్డ కాలు లాంటిది. కానీ ఆవిడ నిజంగానే నమ్మింది.

రహస్యం ముగ్గురికే తెలుసు. జినోవియా, ఉస్తీనా, యవ్దోఖా. ఇందులో మూడోది కష్టం. యవ్దోఖా కోళ్ళతో మాట్లాడేది, పొయ్యితో పోట్లాడేది, గుమ్మడికాయల్ని పేరుపెట్టి పిలిచేది. చర్చిలో పాదిరి ప్రార్థన చదువుతుంటే మధ్యలో, "ఆ మాట కిందటివారం ఇలా చదవలేదు నాయనా," అనగలిగిన మనిషి. జినోవియా ఆవిణ్ణి కూచోబెట్టి, "అక్కా, ఒక్కమాట జారినా నీ కొడుకు రాడు," అంది.

"అయితే ఏం చెయ్యమంటావే?"

"నోరు మూసుకో."

యవ్దోఖా మూసుకుంది. పూర్తిగా. ఎక్కడ ఏ మాట జారుతుందోనని మొత్తం మాటలే మానేసింది. బావి దగ్గర పలకరిస్తే తల తిప్పుకుంది. కోళ్ళకి గింజలు కూడా నోరు మెదపకుండా చల్లింది. ఇంటికి సున్నం వేసింది. పెట్టెలో మడిచిపెట్టిన కుట్టుపూల తువ్వాలు తీసి ఉతికి ఆరేసింది. ఈలోగా జినోవియా నలుగురు ఆడవాళ్ళని పోగేసి, గుమ్మం ముందు మెట్ల మీద వాలుగా సిమెంటు పోయించింది. "దేనికే ఇది?" అని ఫ్రోసినా అడిగితే, "గుమ్మడికాయల బండి లోపలికి లాగడానికి," అంది. ఫ్రోసినా ఆ వాలు వంక చూసింది, సున్నం గోడ వంక చూసింది, మాట్లాడని యవ్దోఖా వంక చూసింది. ఇంకేమీ అడగలేదు. తాపీ చేతికి తీసుకుని, ఎక్కడా గరుకు లేకుండా, అద్దంలా నునుపు చేసింది. చేస్తూ ముక్కు ఎగబీల్చింది. జలుబేమో అనుకుంది జినోవియా.

అక్టోబరు నెల. సన్న తుంపర. ఆసుపత్రినుంచి పాత తెల్ల వ్యాను. నడిపేది ప్రోకిప్, పక్క ఊరి ముసలి డ్రైవరు. నగరానికి పోతోంది కదా అని జినోవియా పువ్వుల గుడ్డ మాని బూడిదరంగు ఉన్నిగుడ్డ కట్టుకుంది. సైకిలు ఇంటి దగ్గరే గోడకి ఆనించింది.

బయల్దేరేటప్పుడు నర్సులు దేశపు నీలం పసుపు జెండా ఒకటి తెచ్చి వ్యాను ముందు కట్టారు. ప్రేమతో కట్టిన జెండా, వద్దనలేం. తదేయ్‌ని వెనక పడుకోబెట్టి, ఉస్తీనా పక్కన కూచుంది. కిటికీ తెరలు వాడే లాక్కున్నాడు. చక్రాల కుర్చీ మడిచి మూల పెట్టారు.

పెద్దరోడ్డు దిగేదాకా బాగానే ఉంది. పల్లె రోడ్డు ఎక్కగానే మొదటి గుంతకే తదేయ్ పళ్ళు బిగించాడు. రెండో గుంతకి మూలిగాడు.

"ఇది రోడ్డు కాదు జినోవియా, పళ్ళూడిన నోరు," అన్నాడు ప్రోకిప్. "నడిచినట్టు పోనిస్తాను." వెనకొచ్చే బళ్ళు గుద్దకుండా నాలుగు మూలలా పసుపు లైట్లు వేశాడు. అవి టిక్కు టిక్కుమని వెలిగి ఆరుతుంటే, జెండా తడిసి అద్దానికి అంటుకుని, బండి నత్తలా సాగింది.

చక్కెర దుంపల పొలాల దగ్గర ఒకావిడ గట్టున కూచుని దుంపల ఆకులు కోస్తోంది. బండిని చూసింది. లేచింది. కత్తి కింద పెట్టింది. పొలం దాటి రోడ్డు పక్కకి వచ్చి, బురదలో మోకాళ్ళ మీద వాలి, తల వంచింది.

జినోవియా చప్పున అద్దం మీదికి వంగింది.

ఆ నేల మీద సైనికుడి శవాన్ని ఊరికి తెచ్చేటప్పుడు దారి పొడవునా జనం మోకరిల్లుతారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. బండి కంటికి కనపడకుండా పోయేదాకా ఒక్కరూ లేవరు. నెమ్మదిగా వెళ్ళే బండి, ముందు జెండా, వెలిగి ఆరే లైట్లు, మూసిన తెరలు. ఇంకేం కావాలి?

"ప్రోకిప్ అన్నా," అంది జినోవియా పెదవులు కదపకుండా, "ఆ లైట్లు ఆర్పు."

ఆర్పాడు. ఆలస్యమైపోయింది. అద్దంలో చూస్తే ఆ దుంపలావిడ మోకాళ్ళ మీదే ఉండి చెవి దగ్గర ఫోను పెట్టుకుంటోంది. ముందున్న ఊళ్ళో అక్కో చెల్లెలో ఉంటుంది. ఉండకుండా ఉంటుందా?

మలుపు తిరిగేసరికి పాలబండి ఆగి ఉంది. డ్రైవరు టోపీ తీసి, చక్రం పక్కన మోకరిల్లి ఉన్నాడు. ఇంకాస్త ముందుకి పోతే బస్సు. బస్సులోవాళ్ళంతా దిగి, సంచులు తడుస్తున్నా, బస్సు పొడవునా బారు తీరి మోకాళ్ళ మీద ఉన్నారు. ఆవులు తమంతట తాము ఇంటిదారి పట్టాయి, వాటిని కాసేవాడు గడ్డిలో తల వంచి ఉన్నాడు. ఒక ఇంటి కప్పు మీద పెంకులు సర్దుతున్న మనిషి కిందికి దిగే వేళ లేక, ఆ కప్పు మీదే, వాన మెరిసే పెంకుల మీదే, ఒక చేత్తో పొగగొట్టం పట్టుకుని మోకరిల్లాడు. రోడ్డు మీద చామంతులు పడుతున్నాయి. పెరటి చామంతులు, పచ్చవీ తెల్లవీ, వేళ్ళతో సహా పీకినవి. బండి చక్రాలు వాటి మీదనుంచి చప్పుడు లేకుండా పోతున్నాయి.

జినోవియా అలాంటి దారుల్లో ఎన్నోసార్లు తానూ మోకరిల్లింది. బండి లోపలినుంచి చూడడం ఇదే మొదలు. వంచిన తలలు మాత్రమే కనిపిస్తాయి. ధనికుడెవరో పేదెవరో, ఎవరికి ఎవరితో పోట్లాటో తెలియదు. తలలు, తలల మీద వాన. భూమే కాస్త కిందికి దిగి దారి ఇచ్చినట్టుంది. ఆవిడకి ఒళ్ళు ఝల్లుమంది. వెంటనే భయమూ వేసింది. దిగి "బతికే ఉన్నాడు" అని అరిచిందా, ఊరంతా బండి చుట్టూ మూగుతుంది, ఒట్టు పోతుంది. ఊరుకుందా, బతికున్నవాడికి చచ్చినవాడి మర్యాద. ఏది పాపం? అరవడమా, ఊరుకోవడమా? ఊరంతా వినేలా అరవడమే బతుకుగా చేసుకున్న మనిషికి ఆ పూట ఏమని అరవాలో తోచలేదు.

వెర్బోవా మొదటి ఇళ్ళు వచ్చాయి.

"పిన్నీ," వెనకనుంచి తదేయ్ గొంతు. "ఇంత నిశ్శబ్దంగా ఉందేం?"

"వాన కదా నాయనా."

"వానకి వెర్బోవా కుక్కలు నోరు మూసుకుంటాయా? ఈ మూల ఇంటి కుక్క రైలుని చూసి కూడా మొరుగుతుంది." అని తెర పక్కకి లాగాడు. ఉస్తీనా చెయ్యి పట్టుకోబోయింది, అందలేదు.

చూశాడు. చూడగానే టోపీ తీసేశాడు.

"బండి ఆపు ప్రోకిప్ బాబాయ్! ఎవర్నో తెస్తున్నారు. మనం దారికడ్డం ఉన్నాం. పక్కకి తియ్యి, వాళ్ళని ముందు పోనీ." ప్రోకిప్ బండి ఆపాడు. తదేయ్ వెనక అద్దంలోంచి చూశాడు, ఖాళీ రోడ్డు. మెడ సాచి ముందుకి చూశాడు, ఖాళీ రోడ్డు. "ఎక్కడున్నారు? ఎవరు పోయారు? మన ఊరివాడేనా? ఉస్తీనా, నన్ను లేపి కూచోబెట్టు. నేను కూడా..."

అని దుప్పటి కిందికి చూసుకున్నాడు. మోకరిల్లడానికి మోకాళ్ళు ఉండాలి. అది అంతవరకూ వాడికి తోచలేదు. నడవడానికి లేవు, నాట్యానికి లేవు, ట్రాక్టరు తొక్కడానికి లేవు, ఇవన్నీ ఆసుపత్రిలో ఏడ్చేసుకున్నాడు. ఇది మిగిలిపోయింది. చెయ్యి గుండె మీద పెట్టుకుని, నడుము నిటారు చేసుకుని, తల వంచాడు. ఎవరో తెలియని ఆ చచ్చినవాడి కోసం.

జినోవియా ఇంక ఆగలేకపోయింది.

"తదేయ్. ముందూ లేరు, వెనకా లేరు. నీ కోసమేరా నాయనా."

వాడి మొహం సున్నం వేసిన గోడలా అయింది.

"నేను చచ్చానని చెప్పావా?"

"నేనేమీ చెప్పలేదు. అదే తప్పయింది. మనవాళ్ళకి ఏమీ చెప్పకపోతే ఏమనుకుంటారో మర్చిపోయాను."

"తిప్పు బాబాయ్. వెనక్కి తిప్పు."

ప్రోకిప్ స్టీరింగు మీదనుంచి చేతులు తీసేశాడు. "ఎలా తిప్పను నాయనా? సన్నదారి. తిప్పాలంటే చక్రం గట్టు మీదికి ఎక్కాలి. గట్టు మీద చూడు ఎవరున్నారో."

గట్టు మీద లుకియాన్ తాత ఉన్నాడు. రెండు కర్రల మీద తప్ప నడవలేని మనిషి. ఆ రెండు కర్రలూ పక్కన పెట్టి, బురదలో, తెల్లని తల వానకి వదిలేసి. ఆయన పక్కన ఫ్రోసినా. ఆవిడ పక్కన ఇంకా, ఇంకా, వీధి చివర యవ్దోఖా వాకిలిదాకా.

"లేవమను పిన్నీ," అన్నాడు తదేయ్. "ముసలాయన చచ్చిపోతాడు చలికి. లేవమను."

"నా మాట వినరు. నేను సైకిల్ మీద లేను కదరా. బండిలో కూచున్న జినోవియాని ఎవరు నమ్ముతారు? ఎవరి కోసం కూచున్నారో వాడు చెబితే లేస్తారు."

ఉస్తీనా కిటికీ గడియ మీద వేలు పెట్టింది. తియ్యలేదు. పెట్టి ఊరుకుంది.

తదేయ్ ఆ వేలు వంక చూశాడు. బయట ముసలాయన వంక చూశాడు. చిన్నప్పుడు ఆయన తోటలో బేరిపళ్ళు దొంగిలించి దొరికిపోతే, ఆయనే చెవి పట్టుకుని తెచ్చి, ఎండు బఠాణీలు పోసి వాటి మీద మోకరిల్లబెట్టాడు. ఆ గింజల అచ్చులు మోకాళ్ళ మీద చాలారోజులు ఉన్నాయి.

కిటికీ తోశాడు. తల బయటికి పెట్టాడు. వాన మొహాన పడింది.

"లుకియాన్ తాతా!" అన్నాడు. "బఠాణీలేవీ? వొట్టి నేల మీద మోకరిల్లితే లెక్కలోకి రాదు!"

ముసలాయన తల ఎత్తాడు. మామూలుగా కాదు, నూతిలోంచి చేద పైకొచ్చినట్టు, నెమ్మదిగా. కిటికీలో మొహం చూశాడు. సిలువ గుర్తు వేసుకున్నాడు.

"నువ్వేనట్రా, దొంగ వెధవా?"

"నేనే తాతా. బేరిపళ్ళు పండాయా?"

"పండాయి. నీ కోసం చెట్టుమీదే ఉంచాను. ఈ ఏడు ఎవరూ దొంగిలించలేదు, కుళ్ళిపోతున్నాయి!"

అప్పుడు చూడాలి. గోధుమచేను మీద గాలి పోయినట్టు, ఒక తల ఎత్తింది, పక్క తల ఎత్తింది, ఆ పక్కది, వీధి చివరిదాకా. "బతికే ఉన్నాడు!" అని గుసగుస పరిగెత్తింది. జినోవియా సీటు అంచు పట్టుకుంది. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు మూగుతారు, ఇప్పుడు ఎవరో ఆ మాట అంటారు.

ఎవరూ లేవలేదు.

"లేవండి తాతా," అన్నాడు తదేయ్. "నేను చావలేదు. పొరపాటు."

లుకియాన్ తాత కోపంగా చూశాడు. "చచ్చాడంటే మోకరిల్లి, బతికొచ్చాడంటే లేచి పోవాలా? చచ్చినవాళ్ళకి ఎన్నోసార్లు మోకరిల్లాను, ఒక్కడూ లేచి పలకరించలేదు. ఇన్నాళ్ళకి ఒకడు పలకరించాడు. నన్ను కాసేపు ఇలాగే ఉండనీ. నువ్వు పద. మీ అమ్మ చూస్తోంది."

ప్రోకిప్ బండి కదిలించాడు. కిటికీ తెరిచే ఉంది. వీధి పొడవునా మోకాళ్ళ మీద మనుషులు, ఒక్కొక్కరి మొహం వాడి మొహానికి ఎదురుగా, సమానంగా, చెయ్యి చాపితే అందేంత ఎత్తులో. వంగి చూసేవాళ్ళు లేరు. ఎవరి ముక్కురంధ్రాలూ కనపడలేదు. కళ్ళే కనపడ్డాయి, తడిసి, నవ్వుతూ. ఎవరో, "ఒరేయ్ తదేయ్, నా బకెట్టు పట్టుకుపోయావు, ఇంకా ఇవ్వలేదు!" అన్నారు. ఎవరో, "గడ్డం పెంచావేమిట్రా, మేకలా ఉన్నావు!" అన్నారు. జినోవియా ముందు సీట్లో కూచుని తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. ఇంత పెద్ద తప్పు తానెప్పుడూ చెయ్యలేదు. ఇంత పెద్ద పండగ ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు.

వాకిలి దగ్గర మోకరిల్లినవాళ్ళ మధ్యన యవ్దోఖా ఒక్కతే నిలబడి ఉంది. కుట్టుపూల తువ్వాల మీద స్వాగతపు రొట్టె, రొట్టె మీద ఉప్పు గిన్నె. వారంరోజుల మాటలన్నీ ఒక్కసారి తెగిపడుతున్నాయి.

"ఎవరే చచ్చింది? ఎవరే చచ్చిందని అడుగుతున్నాను! నా కొడుకు భోజనానికి వస్తున్నాడు! లేవండి, నా చామంతులు తొక్కకండి!"

"పాపం, మతి పోయింది," అని వెక్కుతోంది అక్కడ ఒకావిడ. యవ్దోఖా కేకల్లో ఆవిడకి ఆ గుసగుస వినపడలేదు.

బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. యవ్దోఖా ముందు కొడుకుని చూడలేదు, జినోవియా మీద పడింది.

"నోరు మూసుకోమన్నావు కదే! మూసుకున్నాను! చూడు ఏమైందో! యవ్దోఖా నోరు మూస్తే లోకానికి ఇదే గతి!"

"తప్పంతా నాదే అక్కా."

"నీదే మరి!" అని, రొట్టె ఉస్తీనా చేతుల్లోకి తోసి, అప్పుడు కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు మాత్రం మాట రాలేదు.

ప్రోకిప్, ఉస్తీనా కలిసి కుర్చీ దించి, తదేయ్‌ని కూచోబెట్టారు. ఫ్రోసినా, లుకియాన్ తాత, వీధి వీధంతా ఆపాటికి అక్కడికి చేరారు. కొందరు లేచి వచ్చారు, కొందరు మోకాళ్ళ మీదే జరిగి వచ్చారు. వాకిట్లోకి వచ్చాక, కుర్చీ చూశాక, దుప్పటి కింద ఖాళీ చూశాక, లేచి ఉన్నవాళ్ళు కూడా మళ్ళీ కిందికి వాలిపోయారు. ఎవరూ చెప్పలేదు. నిలబడి చూడడం తప్పని ఒళ్ళే చెప్పినట్టుంది.

ఫ్రోసినా అందరికంటే ముందుంది. "తప్పు నాది కూడా తదేయ్. సైకిల్ లేదు, జినోవియా బండిలో కూచుంది, బూడిదగుడ్డ కట్టింది. మీ అమ్మ మాట్లాడలేదు. ఈ వాలు నేనే నునుపు చేశాను. శవపెట్టె కుదుపు లేకుండా దిగాలని చేశాను నాయనా. నీ పెట్టె."

తదేయ్ ఆ వాలు వంక చూశాడు. అద్దంలా ఉంది. "బాగా చేశావు పిన్నీ. చక్రం జారిపోతుందేమోనని నాకే భయంగా ఉంది."

ఫ్రోసినా నవ్వబోయి, లేవబోయి, లేవలేకపోయింది. చలికి మోకాలు పట్టేసింది. తదేయ్ చెయ్యి చాపాడు. ఆరునెలలుగా ఆ చేతుల మీదే బతికాడు, ఇనప కడ్డీల్లా ఉన్నాయి. పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"అయ్యో!" అంది ఫ్రోసినా.

వాకిలంతా గడ్డకట్టింది. జినోవియా కళ్ళు మూసుకుంది. అయిపోయింది. బేరం చెడింది. బండి వెనక్కి.

"అయ్యో, నా మోకాలు!" అంది ఫ్రోసినా, నిలబడి రుద్దుకుంటూ.

తదేయ్ జినోవియా వంక చూశాడు. చూపు చాలాసేపు ఉంది. తర్వాత వాడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నారు. నవ్వుతున్నాడు. ఆ నవ్వుకి యవ్దోఖా కోళ్ళు చెదిరిపోయాయి.

"దీన్ని లెక్కవెయ్యను పిన్నీ," అన్నాడు. "రా తాతా, నీ చెయ్యి ఇటివ్వు."

లుకియాన్ తాతని లేపాడు. ఆ పక్కావిణ్ణి లేపాడు. ముసలివాళ్ళంతా వరస కట్టారు. తమంతట తాము లేవగలిగినవాళ్ళు కూడా లేవకుండా, బురదలో తమ వంతు కోసం మోకాళ్ళ మీద కాచుకున్నారు. తదేయ్ ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి లేపుతుంటే, లేచినవాళ్ళు వాలు పక్కన నిలబడి మొహం తుడుచుకుంటున్నారు. జినోవియా ఎన్ని ఇళ్ళకి కట్టెలు మోయించిందో, ఎన్ని పంపులు బాగుచేయించిందో ఆవిడకే గుర్తు లేదు. మనిషి మనిషిని లేపడం అంటే ఇలా ఉంటుందని మాత్రం అప్పటిదాకా చూడలేదు. వానలో నోరు తెరిచి నిలబడిపోయింది. తన వంతు వచ్చినా కదలలేదు.

"నీకేమైంది పిన్నీ, నువ్వూ మోకరిల్లు, లేకపోతే లేపను," అన్నాడు తదేయ్.

మోకరిల్లింది. లేపాడు.

లోపల బీట్‌రూట్ పులుసు పొంగి పొయ్యి మీద పడిన వాసన వచ్చింది. యవ్దోఖా తిడుతూ లోపలికి పరిగెత్తింది. పొయ్యిని తిడుతోంది, పులుసుని తిడుతోంది, వారం నుంచి గింజలు సరిగా తినని కోళ్ళని తిడుతోంది. ఆ తిట్లు వింటూ ఊరివాళ్ళు హాయిగా తలలూపారు.

ప్రోకిప్ టోపీ చేతిలో తిప్పుతూ వచ్చాడు. మాట ప్రకారం సాయంత్రందాకా గుమ్మం ముందు ఉండాలి.

"ఏం నాయనా? బండి ఇక్కడే ఉంచనా?"

తదేయ్ వాలు మీద సగం ఎక్కి ఉన్నాడు. వెనకనుంచి ఉస్తీనా తోస్తానంటే వద్దన్నాడు, చక్రాలు తనే పట్టుకున్నాడు. ఆవిడ చేతులు కుర్చీకి తగలకుండా, పడితే పట్టుకునేంత దగ్గరలో గాలిలో ఉన్నాయి.

"వద్దు బాబాయ్, వెళ్ళు," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "పులుసు తిని వెళ్ళు. పోయేటప్పుడు ఆ జెండా నాకిచ్చేసి, హారను కొట్టుకుంటూ పో. లేకపోతే ఆ దుంపలావిడ మళ్ళీ బురదలో కూచుంటుంది."

పులుసు తిని వెళ్ళాడు ప్రోకిప్. జెండా ఉస్తీనా మడిచి దాచింది. బండి వీధి మలుపు తిరిగాక కూడా, పొలాలు దాటాక కూడా, గాడిద ఓండ్రపెట్టినట్టు ఆ హారను వినపడుతూనే ఉంది. మూల ఇంటి కుక్క దానికి జవాబుగా మొరుగుతూనే ఉంది.